ఆరు మెరుపులు, నాలుగు మసకలు

పదో తరగతి పిల్లలకు కాంతి వక్రీభవనం చెబుతూ ఒక పాత కెమెరా లెన్స్ చేతికిచ్చాను. వరసలో అందరూ తిప్పి చూసి పక్కవాళ్లకు ఇచ్చేస్తుంటే ఒకమ్మాయి మాత్రం ఆగి, “సార్, దీని మీద పేరు చెరిపేస్తే ఎవరు చేశారో ఎలా తెలుస్తుంది?” అని అడిగింది.

పాత లెన్సులు సేకరించేవాళ్లందరినీ పీడించే ప్రశ్న ఇదే. ఒక ఉదాహరణ చాలు. 50 మి.మీ. లెన్స్, అపర్చర్ ఎఫ్ 1.5, వెనక లైకా కెమెరాకు సరిపడే 39 మి.మీ. మర. ముందు రింగు మీద ‘కార్ల్ జైస్ యేనా, సొనార్’ అని చెక్కి ఉంటుంది. అది యుద్ధకాలంలో జర్మనీలోని యేనాలో పుట్టిన అసలు సొనార్ కావచ్చు. 1958లో సోవియట్ యూనియన్‌లో తయారైన జూపిటర్-3కి ఎవరో రింగు మార్చేసి ఉండనూ వచ్చు. ఆకారం దాదాపు ఒకటే, ఫొటోలూ దాదాపు ఒకేలా వస్తాయి. ధరలో మాత్రం ఎంతో తేడా. పేరు ఉండే రింగును విప్పి మరొకటి బిగించడం కష్టమేమీ కాదు. అందుకే లెన్స్ మొత్తంలో అన్నిటికన్నా తక్కువ నమ్మదగింది ఆ పేరే. విచారణ గాజుతో మొదలుపెట్టాలి.

గది చీకటి చేసి, భుజం వెనక ఒకే ఒక్క చిన్న దీపం ఉంచండి. సెల్‌ఫోన్ టార్చి అయినా సరిపోతుంది. లెన్స్ ముఖం మీవైపు తిప్పుకుని నెమ్మదిగా వంచుతూ లోపలికి చూడండి. దీపం ప్రతిబింబాలు చిన్న చిన్న చుక్కలుగా ఒకదాని వెనక ఒకటి కనబడతాయి. కొన్ని మీరు వంచిన వైపే జరుగుతాయి, కొన్ని ఎదురు నడుస్తాయి. అపర్చర్‌ను పూర్తిగా మూసేస్తే ముందు సగంలోని చుక్కలే మిగులుతాయి. తర్వాత లెన్స్ తిప్పి వెనక సగం చూడండి. చుక్కలు లెక్కపెట్టండి. ప్రకాశంగా ఉన్నవి ఎన్ని, మసకగా ఉన్నవి ఎన్ని, రెండూ విడివిడిగా రాసుకోండి. ఇంత చిన్న పనితో లెన్సును విప్పకుండానే దాని అస్థిపంజరం తెలిసిపోవడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

రెండు రకాల చుక్కలు ఎందుకు? కాంతి ఒక పదార్థం నుంచి ఇంకో పదార్థంలోకి వెళ్లేటప్పుడు కొంత వెనక్కి పరావర్తనం చెందుతుంది. ఎంతన్నది ఆ రెండింటి వక్రీభవన గుణకాల తేడా మీద ఆధారపడుతుంది. గుణకాల తేడాను వాటి మొత్తంతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే చాలు. గాలికి 1, మామూలు గాజుకు 1.5 అనుకుంటే తేడా 0.5, మొత్తం 2.5. భాగిస్తే 0.2, దాని వర్గం 0.04. అంటే నాలుగు శాతం. అదే రెండు గాజులను జిగురుతో అతికించారనుకోండి. ఒకదాని గుణకం 1.67, ఇంకోదానిది 1.5 అయితే ఫలితం సుమారు 0.3 శాతమే. గ్లిజరిన్‌లో ముంచిన గాజు కడ్డీ కంటికి కనబడకుండా పోయే ప్రయోగం ల్యాబులో చేసే ఉంటారు. అక్కడా కారణం ఇదే, గుణకాలు దగ్గరపడటం. కాబట్టి ప్రతి ప్రకాశవంతమైన చుక్క గాలి, గాజు కలిసే ఒక ఉపరితలం. ప్రతి మసక చుక్క ఒక అతుకు.

ఎఫ్ 1.5 సొనార్‌లో ముందు సగం నుంచి నాలుగు మెరుపులు, రెండు మసకలు వస్తాయి. వెనక సగం నుంచి రెండు మెరుపులు, రెండు మసకలు. మొత్తం ఆరు, నాలుగు. ముందొక విడి కటకం, దాని వెనక మూడు కటకాలను అతికించిన ముద్ద, అపర్చర్ తర్వాత అలాంటి ముద్దే ఇంకొకటి. అంటే ఏడు కటకాలు, మూడు గుంపులు. జైస్ వారి బయోటార్‌లో, దాన్ని అనుసరించి వచ్చిన రష్యన్ హీలియోస్-44లో మెరుపులు ఎనిమిది, మసకలు రెండే. టెస్సార్ అయితే ఆరు మెరుపులు, ఒక మసక. ఏ రెండు వంశాలూ కలిసిపోవు.

ఈ ఆరు అంకె వెనక ఒక మనిషి పట్టుదల ఉంది. లుడ్విగ్ బెర్టెలె డ్రెస్డెన్‌లోని ఎర్నెమాన్ కంపెనీలో ఉండగా, ఇంకా పాతికేళ్లైనా నిండకముందే, ఎర్నోస్టార్ అనే లెన్స్ గణించాడు. అపర్చర్ ఎఫ్ 2. ఫ్లాష్ లేకుండా దీపాల వెలుగులో మనుషుల్ని ఫొటో తీయడం దానితో సాధ్యమైంది. ఎరిక్ సాలొమన్ కోర్టుల్లో, రాజకీయ సమావేశాల్లో తీసిన ప్రసిద్ధ చిత్రాలు ఆ లెన్స్ బిగించిన ఎర్మనాక్స్ కెమెరావే. 1926లో ఎర్నెమాన్ జైస్ ఐకాన్‌లో కలిసిపోయింది. ఎర్నోస్టార్ కటకాల మధ్య గాలి ఖాళీలున్నాయి, ప్రతి ఖాళీకీ రెండేసి మెరుపులు. బెర్టెలె చేసిన పని చూడండి. దగ్గరగా ఉన్న రెండు కటకాల మధ్య ఖాళీలో తక్కువ గుణకమున్న గాజుతో మరో కటకం చేసి నింపేశాడు. ఆ గాజు గుణకం పక్క గాజుల గుణకం కంటే తక్కువ కాబట్టి కాంతిని వంచే విషయంలో గాలి చేసే పనిని కొంతవరకు అదే చేస్తుంది. పరావర్తనం మాత్రం నాలుగు శాతం నుంచి అర శాతం లోపుకు పడిపోతుంది. గాలి ఉండాల్సిన చోట గాజు పెట్టడమనే ఈ ఆలోచన కటకశాస్త్రం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఇంకో కటకం చేర్చి నష్టాన్ని పెంచకుండా తగ్గించాడు. అదీ కంప్యూటర్లు లేని రోజుల్లో, ఒక్కో కిరణం దారినీ చేత్తో గణించే రోజుల్లో.

అలా పుట్టిన సొనార్ 1932లో జైస్ ఐకాన్ వారి కాంటాక్స్ కెమెరాతో పాటు వచ్చింది. ఎదుట లైకా, దాన్ని చేసే లైట్జ్ కంపెనీ. వాళ్ల ఎఫ్ 2 సుమ్మార్‌లో ఎనిమిది మెరిసే ఉపరితలాలు. 1936లో ష్నైడర్ రూపకల్పనతో తెచ్చిన ఎఫ్ 1.5 క్సేనాన్‌లో పది. పూతలు లేని ఆ కాలంలో ఒక్కో ఉపరితలం నాలుగు శాతం తినేస్తే, ఆరింటిని దాటి వచ్చే కాంతి 78 శాతం, పదింటిని దాటేది 66 శాతం. అసలు దెబ్బ అక్కడ కాదు. ఒక ఉపరితలం మీద వెనక్కి తిరిగిన కాంతి ఇంకోదాని మీద తగిలి మళ్లీ ముందుకొచ్చి ఫిల్ము మీద పొగమంచులా పరుచుకుంటుంది. ఇలా జరగాలంటే రెండు ఉపరితలాలు కావాలి. ఆరు ఉపరితలాల్లో ఇలాంటి జతలు 15, పదింటిలో 45. మూడింతలు! కిటికీకి ఎదురుగా తీసిన ఫొటోలో సొనార్ నలుపు నల్లగానే ఉండేది. లైకా కెమెరా అందం, చేతిలో ఒదిగే తీరు వేరే సంగతి. లెన్సుల పోటీలో మాత్రం ఆ దశాబ్దం బెర్టెలెదే అని నా నమ్మకం.

1945 ఏప్రిల్‌లో అమెరికన్ సైన్యం యేనాను పట్టుకుంది. వెనక్కి వెళ్తూ జైస్ ముఖ్య నిపుణులను పశ్చిమానికి తీసుకుపోయింది. జూలైలో సోవియట్లు వచ్చారు. యంత్రాలు, పటాలు, గాజు నిల్వలు తూర్పుకు కదిలాయి. కాంటాక్స్ కెమెరా కీవ్ నగరంలోని ఆర్సెనాల్ ఫ్యాక్టరీలో ‘కీవ్’ పేరుతో మళ్లీ పుట్టింది. సొనార్ మాస్కో దగ్గర క్రాస్నోగోర్స్క్ చేరి జూపిటర్ అయింది. మొదట్లో జర్మన్ గాజే వాడారు. తర్వాత సోవియట్ గాజుకు తగ్గట్టు వంపులను మళ్లీ గణించారు. కుటుంబం మాత్రం అదే, ఆరు మెరుపులు, నాలుగు మసకలు.

కనుక చుక్కలు వంశం చెబుతాయిగాని ఇంటి చిరునామా చెప్పవు. ఇప్పుడు చుక్కల రంగు చూడాలి. 1935లో జైస్‌లో అలెగ్జాండర్ స్మాకులా గాజు మీద పల్చని పూత వేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. పూత మందం కాంతి తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు, అంటే సుమారు 100 నానోమీటర్లు. పూత పైభాగం నుంచి, అడుగు నుంచి వెనక్కొచ్చే తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మధ్యలోని ఆకుపచ్చకు ఈ రద్దు బాగా కుదురుతుంది, అంచుల్లోని నీలం, ఎరుపులకు అంతగా కుదరదు. మిగిలినవి కలిసి చుక్క ఊదాగా కనబడుతుంది. అతుకులకు పూత ఉండదు గనక మసక చుక్కలు తెల్లగానే ఉంటాయి. ఆ పూతను జైస్ చాలాకాలం సైనిక రహస్యంగా ఉంచింది. మామూలు లెన్సుల మీద ఎర్ర ‘టి’ గుర్తుతో అది కనబడింది యుద్ధకాలం నుంచే.

జైస్ అన్ని లెన్సులకూ కలిపి ఒకే వరసలో నంబర్లు వేసేది. పదిహేను లక్షల శ్రేణి అంటే 1934 ప్రాంతం. యుద్ధం మొదలయ్యేసరికి పాతిక లక్షలు దాటాయి. రింగు మీద పదిహేను లక్షల నంబరుండి లోపల ఊదా చుక్కలు మెరుస్తుంటే రెంటిలో ఒకటి అబద్ధం. తర్వాత పూత వేయించిన అసలు లెన్సులూ ఉన్నాయి గనక అక్కడే తీర్పు ఇచ్చేయకూడదు. వెనక మర చూడాలి. ప్రత్యర్థి అయిన లైకా మరతో జైస్ సొనార్ చేసింది యుద్ధకాలంలో, అదీ కొద్దిగానే. 1934 నంబరు, ఊదా పూత, లైకా మర మూడూ ఒకే లెన్స్ మీద కలిస్తే దాని ఊరు యేనా కాదని నేను ధైర్యంగా చెబుతాను.

రింగు మార్చని జూపిటర్ అయితే ఇంత శ్రమ లేదు. నంబరులో మొదటి రెండంకెలు సాధారణంగా తయారీ సంవత్సరం. 58తో మొదలైతే 1958. పూత ఉందని చెప్పే ఎర్రటి రష్యన్ ‘పె’ అక్షరం, ఫ్యాక్టరీ ముద్ర పక్కనే ఉంటాయి. కిరణం దూసుకుపోతున్న పట్టకం బొమ్మ ఉంటే క్రాస్నోగోర్స్క్. తర్వాత జాగోర్స్క్, ఆ తర్వాత వల్దాయ్ ఫ్యాక్టరీలు దీన్ని 1980ల దాకా చేశాయి.

జపాన్‌లో నికాన్ కూడా ఆరు మెరుపుల బాటే పట్టి ఎఫ్ 1.4 నిక్కోర్ చేసింది. పూతలు అందరికీ అందాక బెర్టెలె ఆధిక్యం కరిగిపోయింది. ఎస్సెల్లార్ కెమెరాల్లో లెన్స్ వెనక అద్దం కదలడానికి చోటు కావాలి, సొనార్ వెనక కటకమేమో ఫిల్ముకు మరీ దగ్గర. దాంతో 50 మి.మీ. లెన్సుల్లో ఎనిమిది మెరుపుల బయోటార్ వంశమే గెలిచింది. 1970ల నాటికి పేరు ఒకరిది, పని ఇంకొకరిది కావడం మామూలైపోయింది. కాలిఫోర్నియా నుంచి అమ్మిన వివిటార్ లెన్సులు జపాన్‌లో వేర్వేరు ఫ్యాక్టరీల్లో తయారయ్యేవి. అక్కడ చీకటి గది, దీపం అక్కర్లేదు. నంబరు 22తో మొదలైతే కినో ప్రెసిషన్, 28 అయితే కొమీనే, 37 అయితే టోకినా.