మీకు తెలుసా? సంపెంగ వాగు జంపన్న వాగైంది ఇలా

మేడారం పోయినవాళ్లు సమ్మక్క గద్దె కంటే ముందు చేరేది ఆమె కొడుకు దగ్గరికి. జంపన్న వాగులో మునిగి లేచాకే తల్లుల దర్శనం. పసుపు పూసుకున్న శివసత్తులు పూనకంతో ఊగుతూ దిగేదీ ఈ నీళ్లలోకే. అయినా జంపన్న కథ అడిగితే చాలామంది ఒక్క మాటతో సరిపెడతారు.

ఆ కథకు మొదలు మన ఉమ్మడి కరీంనగర్‌లోనే ఉంది. జగిత్యాల దగ్గరి పొలాసను అప్పట్లో పొలవాస అనేవారు. దాన్నేలిన మేడరాజుకు వేటలో, పులుల నడుమ ఆడుకుంటూ దొరికిన పసిపాపే సమ్మక్క అని జనం చెప్పుకుంటారు. పెంచి పెద్దచేసి, మేడారాన్నేలే మేనల్లుడు పగిడిద్దరాజుకిచ్చి పెళ్లి చేశాడు. కాకతీయ ప్రతాపరుద్రుడు పొలవాస మీద పడితే మేడరాజు మేడారంలో తలదాచుకున్నాడు. అసలే కరువు. పగిడిద్దరాజు కప్పం కట్టలేదు, పైగా మేనమామకు ఆశ్రయమిచ్చాడు. దాంతో కాకతీయ సేన మేడారానికే వచ్చింది.

సంపెంగ వాగు దగ్గర పోరు. పగిడిద్దరాజు, ఆయన కూతుళ్లు సారలమ్మ, నాగులమ్మ, సారలమ్మ పెనిమిటి గోవిందరాజు ఒకరి వెనక ఒకరు నేలకొరిగారు. తండ్రి పోయాడు, తోబుట్టువులు పోయారు. ఓటమి భరించలేక జంపన్న ఆ వాగులోనే దూకి ప్రాణం విడిచాడు. ఆనాటి నుంచి అది జంపన్న వాగు.

గ్రీకు పురాణాల్లోనూ ఇలా నీళ్లలో దూకి, ఆ నీళ్లకు తన పేరు మిగిల్చిన తండ్రి ఒకడున్నాడు, ఏథెన్స్ రాజు ఏజియస్. గెలిచొస్తే తెల్ల తెరచాప ఎత్తుతానన్న కొడుకు థీసియస్ ఆ మాట మరిచాడు. నల్ల తెరచాప చూసి కొడుకు చచ్చాడనుకున్న ఏజియస్ సముద్రంలో దూకాడు. అదే ఏజియన్ సముద్రం. అతన్ని చంపింది ఒక పొరపాటు. జంపన్నకు ఆ మాత్రం ఊరట కూడా లేదు, అతను చూసిందంతా నిజం. నా మనసును ఎక్కువగా కోసేది జంపన్న చావే.

మాఘ పౌర్ణమికి జాతర వచ్చే నాటికి వాగు సన్నబడుతుంది. భక్తుల స్నానాలకు లక్నవరం చెరువు నుంచి నీళ్లు వదులుతారు. ఆ చెరువు తవ్వించింది కాకతీయులే!

అంతదూరం పోలేనివాళ్లకు కరీంనగర్ పక్కన రేకుర్తిలో, అటు గోదావరిఖనిలో కూడా రెండేళ్లకోసారి సమ్మక్క జాతర జరుగుతుంది.