మీకు తెలుసా? ముక్క ముట్టకుండానే మోసం!

పేకాటలో మోసమంటే ముక్క దాచడమే అనుకుంటాం. ముక్కను తాకకపోయినా మోసం మోసమేనని 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. వృత్తి జూదరి ఫిల్ ఐవీ 2012లో లండన్‌లోని క్రాక్‌ఫోర్డ్స్ క్లబ్బులో దాదాపు 77 లక్షల పౌండ్లు గెలిచాడు. ముక్కల వెనక అచ్చు రెండంచుల్లో ఒకేలా లేదు. ఆ వెంట్రుకవాసి తేడా ఆసరాగా, అదృష్టం కోసమని నమ్మించి, ముక్కలు పంచే ఉద్యోగిని చేతనే మంచి ముక్కలను తిప్పించాడు. ఇక తెరవకముందే ముక్క మంచిదో కాదో తెలిసిపోయేది. క్లబ్బు గెలుపు సొమ్ము ఇవ్వకపోవడంతో అతను కోర్టుకెక్కాడు.

చూపు చురుగ్గా ఉండటం తప్పా, క్లబ్బే ఒప్పుకుంది కదా అనవచ్చు. గమనించడం వరకు నేర్పే. అసలు కారణం దాచి పేకను అమర్చుకున్నాక అది నేర్పు కాదు. మోసం చేయలేదని అతను మనసారా నమ్మాడు, కోర్టూ దాన్ని కాదనలేదు. అయినా ఐదుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా క్లబ్బు పక్షానే తీర్పిచ్చారు. అతనికి దక్కింది పందెం కాసిన సొమ్ము మాత్రమే.