'నాకు తప్ప ఎవరికీ రాదు' అని మురిసిపోకండి!

2018 డిసెంబరులో ఒక శుక్రవారం రాత్రి. తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మకు ఛాతీల నొప్పొచ్చింది. భువనగిరి దాటినం, హైదరాబాద్ తీస్కొస్తున్నం" అన్నాడు. నా చేతులు చల్లబడిపోయాయి. అయినా నేను ముందు వెతికింది చెప్పులు కాదు, ల్యాప్‌టాప్! ఆ రాత్రి పన్నెండింటికి మా రిలీజ్ ఉంది. ఆ పని తెలిసింది ఆఫీసు మొత్తంలో నాకొక్కదానికే.

మాది యాదగిరిగుట్ట. కొండ కింద అమ్మకు కొబ్బరికాయల దుకాణం ఉంది. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు నేను ఏడో తరగతి. చివరికి నేనూ ఆ దారినే పోయి, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రిలీజ్ ఇంజినీరునయ్యాను. "ప్రోగ్రాములు రాస్తవా బిడ్డా?" అని అమ్మ అడిగేది. కాదంటే, "మరి ఏం చేస్తవ్?" అనేది.

ఒక సంక్రాంతికి సకినాలు చుడుతూ చెప్పాను. "పిండి ఒకరు తెస్తరు, నువ్వులు ఒకరు తెస్తరు, నలుగురు కూసుని చుడ్తరు. మరి అన్నీ నూనెల కాల్చి, ఒకటి కొరికి చూసి, ఏ డబ్బ ఏ ఇంటికో పంపేదెవరమ్మా?"

"నేనే గద!"

"ఆఫీసుల నేను చేసేది గదే."

అసలు పనేమిటంటే...

ప్రోగ్రామర్లు ఎవరి మార్పులు వాళ్లు రాస్తారు. ఎవరు ఎప్పుడు ఏది మార్చారో లెక్క ఉంచడానికి గిట్ వంటి సాధనాలున్నాయి. దీన్ని 2005లో లినస్ టోర్వాల్డ్స్ తయారు చేశారు. ఆ మార్పులన్నీ కలిపి, కంప్యూటర్ నడపగలిగే రూపానికి తెస్తే అది బిల్డ్. దానికో నంబరు ఉంటుంది. ఆ బిల్డ్‌ను పరీక్షించి, ఖాతాదారుల సర్వర్లకు చేరిస్తే రిలీజ్.

ఇది అచ్చం ఇంటిపని లాంటిదేనండీ. కూరలో ఉప్పు సరిపోయిన రోజు ఎవరైనా మాట్లాడతారా? తప్పిన రోజే అందరికీ గుర్తొస్తాం. మా ఆఫీసులో "అది ఆమె చూసుకుంటుందిలే" అనేవారు. నాకదే గొప్పగా ఉండేది. రిలీజ్‌కు కావలసిన ఇరవై ఏడు మెట్లూ నా తలలోనే ఉండేవి. ఒక్కటీ రాసిపెట్టలేదు.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో నిలబడి, ఆఫీసులో ఉన్న జూనియర్ కుర్రాడికి ఫోన్‌లో ఒక్కొక్క మెట్టూ చెప్పాను. లోపలినుంచి డాక్టర్ వచ్చి "పేషెంట్ తాలూకు ఎవరు?" అని రెండుసార్లు పిలిచారట. నాకు వినబడలేదు. తమ్ముడొక్కడే లేచి వెళ్లి సంతకం పెట్టాడు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంటుంది.

ఇంతా చేస్తే 421వ నంబరు బిల్డ్ పోవాల్సిన చోట 412 పోయింది. నేను చెప్పడంలో తప్పో, అతను వినడంలో తప్పో! పాతది వెళ్లేసరికి, సరిచేసిన లెక్కలన్నీ మళ్లీ తప్పులయ్యాయి. తెల్లారి ఖాతాదారుల బిల్లులు తారుమారు. అమ్మకు గుండెకు స్టెంట్ వేసి వార్డుకు తెచ్చేసరికి నేను మళ్లీ ఫోన్‌లోనే ఉన్నాను.

"మీరుంటే ఇలా జరిగేది కాదు" అన్నారు ఆఫీసులో. మెచ్చుకున్నారనుకున్నాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఏడుపొచ్చింది. అంటే నాకు జ్వరం రాకూడదు, మా అమ్మకు గుండెనొప్పి రాకూడదు... అంతేగా!

పెద్ద కంపెనీల్లోనూ...

ఇలాంటి పొరపాట్లు ఎంత దూరం పోతాయో చూడండి. అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ 2012లో కొత్త ప్రోగ్రాము పంపింది. ఎనిమిది సర్వర్లలో ఏడింటికి చేరింది, ఒకదానికి చేరలేదు. ఆగస్టు 1న ఆ ఒక్క సర్వరూ పాత పద్ధతిలో షేర్లు కొంటూ, అమ్ముతూ పోయింది. ముక్కాలు గంటలో సుమారు 44 కోట్ల డాలర్ల నష్టం!

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ ఒక తప్పు అప్‌డేట్‌ను అందరికీ ఒకేసారి పంపింది. ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. మన శంషాబాద్‌లోనూ చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు. గంటన్నర లోపే ఆ అప్‌డేట్‌ను వెనక్కి తీసుకున్నారు. కానీ అప్పటికే ఆగిన వాటిలో చాలావాటిని మనుషులే ఒక్కొక్కటిగా బాగుచేయాల్సి వచ్చింది.

మేమేం చేశామంటే...

ముందుగా మెట్లన్నీ రాశాను. కొత్తగా చేరిన అమ్మాయికిచ్చి, నేను నోరు విప్పకుండా పక్కన కూర్చున్నాను. ఆమె ఎక్కడ ఆగిందో అక్కడ నేను ఏదో రాయడం మరిచానన్నమాట. తర్వాత చేత్తో చేసే పనిని జెంకిన్స్ అనే సాధనానికి అప్పగించాం. మార్పు రాగానే అదే బిల్డ్ చేస్తుంది, పరీక్షలు నడుపుతుంది, నంబరు వేస్తుంది. ఏ బిల్డ్‌ను పరీక్షించామో సరిగ్గా దాన్నే పంపుతాం. అదీ ముందు ఒకటి రెండు సర్వర్లకే. మొదటి వాయి రుచి చూడకుండా డబ్బాలు నింపుతామా? కిందటి మంచి బిల్డ్ ఎప్పుడూ చేతికందేలా ఉంటుంది. వెనక్కి మళ్లడం కూడా ముందే సాధన చేసి ఉంచుతాం. శుక్రవారం రాత్రి రిలీజులు మానేశాం.

"అన్నీ రాసిచ్చేస్తే రేపు నీ అవసరం ఏముంటుందే?" అంది స్నేహితురాలు. నాకూ భయం వేయకపోలేదు. కానీ ఉద్యోగం పోలేదు సరికదా, మరో మూడు జట్ల రిలీజులు కూడా నాకే అప్పగించారు. రాసే పద్ధతి తెలిసినవాళ్లు కావాలన్నారు!

ఇక అమ్మ సంగతి. దుకాణం ఇరవై రోజులు మూతపడింది. కాయలు ఎవరు తెస్తారో, ఎవరికెంత బాకీయో అంతా ఆమె తలలోనే. మంచంలో పడుకుని చెబుతుంటే మా మరదలు పొడుగు నోటుబుక్కులో రాసింది. "ఇన్నేండ్లు ఎందుకు రాయలేదమ్మా?" అన్నాను. "ఎవరడిగిండ్రు బిడ్డా?" అంది. నాకు నోట మాట రాలేదు.

2022 మార్చి 28న ఆలయం పునఃప్రారంభమయ్యాక గుట్టకు జనం ఇంకా పెరిగారు. ఇప్పుడు దుకాణంలో మరదలు కూర్చుంటుంది. మొన్న స్వాతి నక్షత్రం నాడు అమ్మా నేనూ మెల్లగా గిరి ప్రదక్షిణ చేశాం. ఫోన్ ఇంట్లోనే వదిలేశాను. ఆ పొద్దున మా రిలీజ్ ఉంది. ఆ కొత్తమ్మాయే చేసింది. తిరిగొచ్చి చూస్తే ఒక్క ఫోనూ రాలేదు.

మీ ఇంట్లోనో, ఆఫీసులోనో మీకు మాత్రమే తెలిసిన పని ఒకటి ఉండే ఉంటుంది. ఈ రాత్రే ఒక కాగితం తీసి రాయండి. రేపు ఎవరికైనా ఇచ్చి చేయమనండి. మీరు పక్కన కూర్చోండి చాలు... నోరు మాత్రం విప్పకండి!