మృత్యు తీరం మరిచిపోని ఓడలు

స్పెయిన్ దేశపు వాయవ్య మూలన, గలీసియా ప్రాంతంలో, అట్లాంటిక్ మహాసముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతి తీరానికి ‘కోస్టా ద మోర్టె’ అని పేరు. అంటే మృత్యు తీరం. ఉత్తర ఐరోపా నుంచి మధ్యధరా సముద్రానికీ ఆఫ్రికాకూ వెళ్లే ఓడలు ఈ తీరం పక్కగానే సాగాలి. నీళ్లలో మునిగి కనిపించని బండలు, ఉన్నట్టుండి కమ్మే పొగమంచు, చలికాలపు తుపానులు కలిసి ఇక్కడ వందల ఓడలను బలిగొన్నాయి.

ఈ తీరపు ఊళ్లవాళ్లు ఎక్కువగా తలుచుకునేది ‘సర్పెంట్’ అనే బ్రిటిష్ యుద్ధనౌకను. ఇంగ్లండ్ నుంచి ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కు బయలుదేరిన ఆ ఓడ 1890 నవంబర్ 10 రాత్రి తుపానులో దారి తప్పి, కమరీన్యాస్ ఊరికి దగ్గర్లోని బండలను ఢీకొంది. అందులో ఉన్న 170 మందికి పైగా సిబ్బందిలో ఒడ్డు చేరి బతికింది ముగ్గురే. తర్వాతి రోజుల్లో అలలు శవాలను ఒకటొకటిగా ఒడ్డుకు తెచ్చాయి. షవీన్యా గ్రామస్థులు, వారి చర్చి ఫాదరీ కలిసి వాటిని ఏరి, అక్కడే సముద్రం ఒడ్డున పాతిపెట్టారు. ఊరికి దూరంగా, అలల హోరు తప్ప మరో చప్పుడు లేని చోట, మోటు రాళ్లతో కట్టిన ప్రహరీ లోపల ఆ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. స్థానికులు దాన్ని ఇంగ్లీషువాళ్ల శ్మశానం అంటారు.

ఈ మేలుకు కృతజ్ఞతగా బ్రిటిష్ నౌకాదళం ఫాదరీకి ఒక తుపాకీ, కమరీన్యాస్ మేయరుకు బంగారు గడియారం, ఊరికి ఒక వాయుభారమాపకం పంపించింది. గాలి ఒత్తిడి పడిపోతే తుపాను రాబోతోందని ఆ పరికరం ముందే చెబుతుంది. వేటకెళ్లే జాలరులకు అంతకన్నా పనికొచ్చే కానుక ఏముంటుంది? ఈ ప్రమాదం తర్వాత పక్కనే ఉన్న విలాన్ కొండకొమ్ముపై కొత్త దీపస్తంభం కట్టారు. 1896లో వెలిగిన ఆ దీపం స్పెయిన్‌లో విద్యుత్తుతో నడిచిన మొదటి దీపస్తంభంగా పేరు పొందింది.

నోటిమాటగా నిలిచిన కథలు వేరే ఉన్నాయి. పగిలిన ఓడ నుంచి కొట్టుకొచ్చిన డబ్బాల్లోని చిక్కటి పాలను రంగనుకుని, ఊరివాళ్లు ఇళ్లకు పూశారని, తెల్లారేసరికి గోడల నిండా ఈగలు ముసిరాయని ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. ఇంకో కథ మాత్రం నిందే. ఎద్దుల కొమ్ములకు లాంతర్లు కట్టి రాత్రివేళ తీరం వెంట తిప్పి, ఓడలను బండల మీదికి రప్పించి దోచుకునేవారని బయటివాళ్లు ప్రచారం చేశారు. దీనికి గట్టి ఆధారం ఏదీ దొరకలేదు. విరిగిన ఓడల సరుకును పేదలు ఏరుకున్న మాట నిజం. అయితే బతికినవారికి ఆశ్రయమిచ్చి, చచ్చినవారిని సాగనంపిన మాటా అంతే నిజం.

ఇటీవలి ప్రమాదాలు భయాన్ని కొత్త రూపంలో తెచ్చాయి. 1987 డిసెంబర్‌లో రసాయనాలతో వెళ్తున్న ‘కసోన్’ ఓడ ఫిస్టెర్రా దగ్గర ఒడ్డెక్కి కాలిపోయింది. సిబ్బంది 31 మందిలో 23 మంది చనిపోయారు. విషవాయువులు వస్తాయన్న వదంతితో చుట్టుపక్కల ఊళ్ల జనం రాత్రికి రాత్రే ఇళ్లు వదిలి పారిపోయారు. 2002 నవంబర్‌లో 77 వేల టన్నుల చిక్కటి ఇంధన నూనెతో వెళ్తున్న ‘ప్రెస్టీజ్’ ఓడ తీరానికి దూరంగా రెండుగా విరిగి మునిగింది. నల్లటి జిగురు ఒడ్డంతా పరుచుకుంది. చేపలవేట ఆగిపోయింది. జాలరులు చేతులతోనే ఆ జిగురును ఎత్తిపోశారు. దేశం నలుమూలల నుంచీ వేలమంది వాలంటీర్లు తరలివచ్చారు. ‘ఇంకెన్నడూ వద్దు’ అనే అర్థమిచ్చే ‘నూంకా మాయిస్’ నినాదం ఆనాటిదే.

శ్మశానం, దీపస్తంభం, వాయుభారమాపకం, నినాదం: ఈ తీరం తన జ్ఞాపకాలను దాచుకున్న చోట్లు ఇవి. ముక్కూమొహం తెలియని నావికులకు సమాధి కట్టిన ఊళ్లను దోపిడీదారులుగా కాక, ఆపదలో ఆదుకున్నవారిగా గుర్తుపెట్టుకోవడమే న్యాయం.