మరణించాకే లెక్కకు వచ్చే శ్రమ: ప్రమాద పరిహార, కుటుంబ చట్టాల్లో గృహిణి ఇంటిపని

రోడ్డు ప్రమాదంలో గృహిణి మరణిస్తే ఆమె కుటుంబం మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌ను ఆశ్రయిస్తుంది. ఆమెకు ఆదాయమే లేదన్నది బీమా కంపెనీల పక్షాన తరచు వినిపించే అభ్యంతరం. గత రెండున్నర దశాబ్దాల తీర్పులు ఈ వాదాన్ని క్రమంగా తోసిపుచ్చాయి. అదే గృహిణి బతికి ఉండి విడాకుల కోసం కుటుంబ న్యాయస్థానం మెట్లెక్కితే, ఆమె చేసిన ఇంటిపనికి ఆస్తిలో వాటా కల్పించే స్పష్టమైన నియమం హిందూ వివాహ చట్టంలో లేదు. ఒకే శ్రమ పట్ల రెండు చట్టాలు ఇంత భిన్నంగా ప్రవర్తించడాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మోటారు వాహనాల చట్టం, 1988కి 1994లో చేర్చిన రెండవ షెడ్యూలు ఆదాయం లేని వ్యక్తికి ఏడాదికి రూ. 15,000 ఊహాత్మక ఆదాయాన్ని నిర్దేశించింది. సంపాదన లేని భార్య మరణిస్తే భర్త ఆదాయంలో మూడో వంతును ఆమె ఆదాయంగా భావించమంది. అంటే భార్య శ్రమకు కొలబద్ద భర్త జీతం. ఇద్దరు స్త్రీలు ఒకే వంట వండినా, ఒకేలా పిల్లల్ని పెంచినా, భర్తల ఉద్యోగాలు వేరు కనుక వారి శ్రమ విలువలు వేరు! ఈ షెడ్యూలును 2019 సవరణ చట్టం తొలగించింది. అయితే ఆలోచనలో మార్పు అంతకు ముందే తీర్పుల ద్వారా వచ్చింది.

1989 మార్చి 3న జంషెడ్‌పూర్‌లో ఉక్కు కర్మాగారపు వ్యవస్థాపక దినోత్సవంలో జరిగిన అగ్నిప్రమాదంలో మరణించినవారిలో గృహిణులు అనేకులు. వారి సేవలకు తొలుత ఏడాదికి రూ. 12,000 చొప్పున విలువ కట్టారు. లతా వాధ్వా కేసులో (2001) సుప్రీంకోర్టు అది చాలదని, 34 నుంచి 59 ఏళ్ల వయస్సున్న వారికి నెలకు రూ. 3,000 చొప్పున లెక్కించింది. ఇల్లు నడిపే స్త్రీ సేవ బహుముఖమైనదన్న గుర్తింపు ఈ తీర్పుతో స్థిరపడింది.

తరువాతి ప్రధాన ఘట్టం అరుణ్ కుమార్ అగ్రవాల్ కేసు (2010). 39 ఏళ్ల గృహిణి మరణానికి ట్రిబ్యునల్ ఇచ్చిన రెండున్నర లక్షలను సుప్రీంకోర్టు ఆరు లక్షలకు పెంచింది. 2001 జనగణన గృహిణులను యాచకులు, ఖైదీలతో పాటు పని చేయనివారి జాబితాలో చేర్చడాన్ని జస్టిస్ ఎ.కె. గంగూలీ తన తీర్పులో తీవ్రంగా ఆక్షేపించారు. గృహిణుల పనికి సరైన విలువ కట్టేందుకు మోటారు వాహనాల చట్టంతో పాటు వివాహ చట్టాలను కూడా సవరించడం గురించి పార్లమెంటు ఆలోచించాలని సూచించారు. ప్రమాద పరిహారాన్ని తేలుస్తూనే న్యాయమూర్తి దృష్టి వివాహ చట్టం మీదికి మళ్లడం గమనార్హం. తీర్పులోని ఈ భాగానికి దక్కవలసినంత చర్చ దక్కలేదని నా అభిప్రాయం.

విలువ కట్టే పద్ధతులను 2009లోనే మద్రాసు హైకోర్టులో జస్టిస్ ప్రభా శ్రీదేవన్ మూడుగా వివరించారు. ఇంటిపని వల్ల ఆమె వదులుకున్న సంపాదనను లెక్కించడం ఒకటి. అవే పనులకు మనుషులను పెట్టుకుంటే అయ్యే ఖర్చును లెక్కించడం ఇంకొకటి. మూడోది వివాహాన్ని సమాన ఆర్థిక భాగస్వామ్యంగా భావించి, భర్త ఆదాయంలో సగాన్ని ఆమెదిగా పరిగణించే పద్ధతి. కీర్తి కేసులో (2021 జనవరి 5) అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరానికి చెందిన జస్టిస్ ఎన్.వి. రమణ తన ప్రత్యేక తీర్పులో ఈ పద్ధతులను ప్రస్తావించారు. 2019 నాటి జాతీయ కాల వినియోగ సర్వేను కూడా ఉదహరించారు. దాని ప్రకారం జీతం లేని ఇంటిపనికి స్త్రీలు సగటున రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తుండగా పురుషులు వెచ్చిస్తున్నది 97 నిమిషాలే. గృహిణి ఊహాత్మక ఆదాయానికి భవిష్యత్ పెరుగుదలను కూడా కలపాలని ఈ తీర్పు స్పష్టం చేసింది.

ఆచరణలో ఈ లెక్క ఎలా సాగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. మరణించిన గృహిణి వయస్సు 32, ఊహాత్మక ఆదాయం నెలకు రూ. 8,000, ఆధారపడినవారు భర్త, ఇద్దరు పిల్లలు అనుకుందాం. ప్రణయ్ సేఠి తీర్పు (2017) ప్రకారం 40 శాతం కలిపితే రూ. 11,200. సరళా వర్మ తీర్పు (2009) మేరకు సొంత ఖర్చుల కింద మూడో వంతు తీసివేసి, ఏడాదికి లెక్కిస్తే రూ. 89,600. ఆ వయస్సుకు వర్తించే గుణకం 16తో హెచ్చిస్తే రూ. 14,33,600. సాహచర్య నష్టం, అంత్యక్రియల ఖర్చు వంటివి దీనికి అదనం. జీతమే ఎరుగని మనిషికి ఆ జీతంలోంచి ‘సొంత ఖర్చు’ కోయడం కొంత విడ్డూరమే అయినా, సూత్రం అందరికీ ఒకటే.

ఇక కుటుంబ చట్టం సంగతి. భార్యకు భరణం హక్కు ఉంది. రజనీష్ కేసులో (2020) సుప్రీంకోర్టు దరఖాస్తు తేదీ నుంచే భరణం ఇవ్వాలని, ఇరుపక్షాలూ ఆస్తి అప్పుల అఫిడవిట్ దాఖలు చేయాలని ఆదేశించింది. కుటుంబం కోసం ఆమె ఉద్యోగం వదులుకున్న సంగతిని కూడా పరిగణించమంది. అయినా భరణం మౌలికంగా ఆమె అవసరం, భర్త స్తోమతల మీద ఆధారపడేది. అది పోషణకు ఇచ్చేదే తప్ప చేసిన పనికి ప్రతిఫలం కాదు. భర్త పేరిట కొన్న ఇల్లు చట్టం దృష్టిలో భర్త స్వార్జితం. దంపతుల ఆస్తిని ఉమ్మడిగా చూసే పద్ధతి పోర్చుగీసు కాలపు పౌరస్మృతి కారణంగా గోవాలో మాత్రం మిగిలింది. విడాకులలో భార్యకు భర్త ఆస్తిలో వాటా ఇచ్చే నిబంధనతో ఒక బిల్లు 2013 ఆగస్టులో రాజ్యసభ ఆమోదం పొందింది. లోక్‌సభ గడువు ముగియడంతో మురిగిపోయింది.

ఈ స్థితిలో మద్రాసు హైకోర్టు 2023 జూన్‌లో ఇచ్చిన ఒక తీర్పు ప్రత్యేకంగా పరిశీలించదగినది. భర్త గల్ఫ్‌లో పనిచేసి డబ్బు పంపాడు. భార్య ఇల్లు, పిల్లలను చూసుకుంటూ ఆస్తులు సమకూర్చింది. ఆమె ఇంటిని నిలబెట్టకపోతే అతడు నిశ్చింతగా సంపాదించగలిగేవాడు కాదని, కనుక ఆ సంపాదనతో కొన్న ఆస్తిలో ఆమెకు సగం వాటా ఉంటుందని జస్టిస్ కృష్ణన్ రామస్వామి నిర్ణయించారు. కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారి ఇళ్లను ఎరిగినవారికి ఈ కథ కొత్త కాదు. అయితే ఈ తీర్పు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కోర్టులను కట్టడి చేయదు. ఒప్పించే ఆధారంగా మాత్రమే పనికి వస్తుంది.

తెలుగు నేలకు ఈ విషయంలో మరో అనుభవం ఉంది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఆంధ్రప్రదేశ్ శాసనసభ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెలకు పుట్టుకతో హక్కు కల్పించింది. అప్పటికే పెళ్లయిన వారికి ఆ హక్కు దక్కలేదు. పార్లమెంటు ఆ పని చేసింది 2005లో. కుటుంబ చట్టం ఉమ్మడి జాబితాలోని అంశం కనుక, పుట్టుకను బట్టి హక్కు ఇచ్చిన శాసనసభ శ్రమను బట్టి కూడా ఇవ్వవచ్చు. అందుకు రాష్ట్రపతి ఆమోదం అవసరం పడవచ్చు. చట్టం వచ్చేలోగా కుటుంబ న్యాయస్థానంలో వాదించే న్యాయవాదికి అడ్డేమీ లేదు: భర్త ఆస్తుల అఫిడవిట్ పక్కనే ఆ 299 నిమిషాల లెక్కను, కీర్తి తీర్పు ప్రతిని జతపరచవచ్చు.