నిద్రపోవు డిస్కు

మా అత్తగారు కాలము చేయుటకు రెండేండ్లు ముందు, ఆమె పాడిన తలుపు దగ్గరి పాటలు, అప్పగింతలు, మంగళహారతులు 60 వరకు సెల్‌ఫోనులో పట్టియుంచితిమి. తరువాత వానిని ఎక్స్‌టర్నల్ హార్డు డిస్కులోనికి మార్చి, ఫోనులో చోటు చాలదని అందలివి తుడిచివేసితిమి. అది మా తెలివితక్కువతనమని ముందే యొప్పుకొనుచున్నాము. ఆ పాటలను విని కాగితముపై నెక్కింపవలెనని మధ్యాహ్నపు తీరికలందు కంప్యూటరు ముందర కూర్చుండుట మాకు వాడుకయైనది.

ఒక చరణము విని, ఆపి, వ్రాసికొని, తెలియని మాటకు నిఘంటువు తిరుగవేసి, నడుమ పొయ్యిమీది పాలు చూచి వచ్చునప్పటికి డిస్కు నిద్రపోయియుండెడిది. మరల పాటను నొక్కగా కంప్యూటరు కదలక మెదలక నిలిచిపోవును. పెట్టెలో గుర్రుమని చప్పుడగును. కొన్ని సెకండ్లు గడచిన పిమ్మట గాని గొంతు వినరాదు. ఒకనాడు ఎంతసేపు చూచినను రాలేదు. మేము విసిగి తీగను లాగి మరల పెట్టితిమి. అందులోనే దాచుకొనుచుండిన మా వ్రాతప్రతి పాడయ్యెను. పాటలు దక్కినవి గాని, ఆ రాత్రి మాకు అన్నము సహింపలేదు.

డిస్కు నిదురించుట జబ్బు కాదు. పెట్టెలో అద్దమువలె నునుపైన పళ్లెములు, ఇండ్లలో వాడు చిన్న డిస్కులందు పెక్కింటిలో, నిమిషమునకు 5400 మారులు తిరుగును. వానిని చదువు హెడ్డు పళ్లెమునకు తగులక, వెండ్రుక మందములో వేయవ వంతుకన్న తక్కువ యెడముతో గాలిపై తేలుచుండును. పనిలేనపుడు హెడ్డును ప్రక్కకు తీసి మోటారు నాపినచో విద్యుత్తు మిగులును, వేడిమి తగ్గును, పొరపాటున చేయి తగిలినను పళ్లెమునకు గీతపడు భయ ముండదు. కాబట్టి నిద్ర మంచిదే. వేళగాని వేళ వచ్చుటయే చిక్కు.

ఈ నిద్రపుచ్చువారు ముగ్గురు గలరు. ఒకరిని మాన్పించి తక్కిన యిద్దరిని మరచుటచేత పని నెరవేరదు. మొదట మేమును అట్లే చేసితిమి.

మొదటిది కంప్యూటరే. విండోసునందు కంట్రోల్ ప్యానెల్‌లోని ‘పవర్ ఆప్షన్స్’ తెరచి, ‘ఛేంజ్ ప్లాన్ సెట్టింగ్స్’, పిదప ‘ఛేంజ్ అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్’ అనువానిని నొక్కవలెను. అచ్చట ‘హార్డ్ డిస్క్’ క్రింద ‘టర్న్ ఆఫ్ హార్డ్ డిస్క్ ఆఫ్టర్’ అనుచోట సాధారణముగా 20 నిమిషములని యుండును. 0 వ్రాసినచో ‘నెవర్’ అని మారును. ల్యాప్‌టాపునందు బ్యాటరీకి వేరు, కరెంటుకు వేరుగా గడు లుండును గనుక రెండింటను మార్చవలెను. మ్యాక్ వాడువారు ‘పుట్ హార్డ్ డిస్క్స్ టు స్లీప్ వెన్ పాసిబుల్’ అను దానిని మాన్పినచో చాలును.

రెండవది తీగ దూర్చు యూఎస్‌బీ ద్వారము. పై చోటనే ‘యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్’ అను దానిని ‘డిజేబుల్డ్’ చేయవలెను. కొన్ని క్రొత్త ల్యాప్‌టాపులందిది కానరాదు. అపుడు ‘డివైస్ మేనేజర్’లో ‘యూఎస్‌బీ రూట్ హబ్’ తెరచి, ‘పవర్ మేనేజ్‌మెంట్’ పుటలో, విద్యుత్తు ఆదాకై పరికరము నాపవచ్చునను వాక్యము ప్రక్కనున్న టిక్కును తీసివేయవలెను.

మూడవది డిస్కు పెట్టెయే. దానిలోపలి చిన్న బోర్డుకు తన గడియారము తనకుండును. కంప్యూటరు మాట అది వినకపోవచ్చును. మమ్ము వేధించిన దిదియే. కొందరు తయారీదారులు నిద్రవేళను మార్చుకొను ప్రోగ్రా మిత్తురు. ముందు దానిని వెదకుట మేలు. అది లేనిచో, కొన్ని నిమిషముల కొకమారు డిస్కులోని చిన్న ఫైలులో ఒక పంక్తి వ్రాయునట్టి ప్రోగ్రామును నడపవలెను. ఉన్న ఫైలును చదివించిన చాలదు. ఒకమారు చదివినదానిని కంప్యూటరు తన జ్ఞాపకమునుండియే తీసికొని, డిస్కును తట్టకయే యూరకుండును. ఈ కిటుకు తెలియక మేము రెండు మధ్యాహ్నములు పోగొట్టుకొంటిమి.

అట్లని రేయింబవళ్లు డిస్కును మేల్కొల్పి యుంచుట మాకు సమ్మతము కాదు. పదే పదే నిద్రించి లేచుటయు కీడే. హెడ్డు ఇన్నిమారులు వాలి లేవగలదని తయారీదారులు లెక్క చెప్పుదురు. పెక్కింటి కది 3 లక్షలు లేక 6 లక్షలు. నిమిషమున కొకమారు వాలి లేచినచో 3 లక్షలు 208 దినములలో తీరిపోవును. కావున కూర్చున్నంతసేపు మేల్కొల్పి యుంచి, లేచునపుడు ‘ఎజెక్ట్’ నొక్కి, లోపలి చప్పుడు పూర్తిగా నణగిన తరువాతనే తీగ తీయుచున్నాము. పళ్లెములు లేని ఎస్ఎస్‌డీ కొన్నవారికి మోటారు బాధ లేదు గాని, ద్వారము నిద్రించుట వారికిని తప్పదు.

అత్తగారి పాటలకు మరియొక డిస్కులో నకలు తీసితిమి. అది బీరువాలో ఆమె పట్టుచీరల నడుమ నున్నది. వ్రాయవలసినవి యింకను 19.