కొల్లేటి ఒడ్డున ఒక మంటపము

మంటపమనగానే మనకు రాతి కంబములు, కోనేటి నడుమ నాలుగు కాళ్లపై నిలిచిన తెప్పోత్సవపు మంటపము జ్ఞప్తికి వచ్చును. దానికి పల్లెలలో పేదచుట్టములు పెక్కున్నవి: చావడి, చలువపందిరి, పొలము నడుమ కాపలామంచె. గోడలు లేక, కప్పు మాత్రముండి, నలుగురికి నీడనిచ్చు కట్టడములివి. ఇట్టి చిన్న కట్టడమును వనమునందో సరస్సు దరినో నిర్మింపబూనినపుడు అది ఆ స్థలమునకు తగినట్లుండవలెనని అందరును చెప్పుదురు. చెప్పుట తేలిక. తగియుండుట యనగా ఏమో తెలిసికొనుటకు కొల్లేటి కన్న కఠినమైన పరీక్షాస్థలము ఆంధ్రదేశమున మాకు కానరాలేదు. శీతకాలమున పక్షులను చూడవచ్చు వారికై కొల్లేటి ఒడ్డున ఇరువదిమంది కూర్చుండదగిన మంటపము నొకదానిని కట్టవలసి వచ్చినచో అది ఎట్లుండవలెనో ఆలోచింతము.

స్థలమనగా నేల యని మన అలవాటు. కొల్లేట నేలకన్న ముందు నీటిని కొలువవలెను. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ పల్లమున ఈ సరస్సున్నది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు దీనిలోనికి వచ్చి చేరును. సముద్రమునకు పోవుటకు మాత్రము ఉప్పుటేరు ఒక్కటే దారి. సముద్రమట్టమునకు ఐదడుగుల ఎత్తున ఒక గీత గీసినచో ఆ గీత లోపల కొల్లేరు 308 చదరపు కిలోమీటర్లు. పదియడుగుల ఎత్తున గీసినచో 901 చదరపు కిలోమీటర్లు. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. నీరు ఐదడుగులు పెరిగినంతనే సుమారు 600 చదరపు కిలోమీటర్ల నేల మునుగుచున్నది. అనగా సగటున అడుగునకు దాదాపు 120. నేల అంత చదునైనది. మాఘమాసమున మనము నిలిచి ఇదే ఒడ్డు అనుకొన్నచోటు భాద్రపదమున నడిసరస్సు కావచ్చును. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో పెక్కు పేటలను ముంచినది. ఆ యేటి నీరు చివరకు చేరవలసినది కొల్లేటికే.

కనుక వేసవిలో వచ్చి, గడ్డి మొలచిన మెరకను చూచి, ఫొటో తీసికొనిపోయి నమూనా గీసిన వాస్తుశిల్పి ఆ స్థలమును సగమే చూచినవాడు. ఆ ఊరి జాలరులను అడిగినచో ఏ యేట నీరెంతవరకు వచ్చినదో చెట్టుమొదళ్లమీది గుర్తులతో సహా చూపగలరు. నమూనాకు వారి మాట తొలి ఆధారము.

ఇచ్చట ఒక సులభోపాయము అందరికిని తోచును. నాలుగు వందల బండ్ల మట్టి పోయించి, దిబ్బను లేపి, దానిపై మంటపమును కట్టిన సరిపోవును గదా యని. మేము దీనిని ఒప్పుకొనము. కొల్లేటికి జరిగిన కీడంతయు గట్ల రూపమున జరిగినది. 1970 తరువాతి దశాబ్దులలో సరస్సు గర్భమున చేపలచెరువుల గట్లు ఒకదాని ప్రక్క ఒకటి లేచి నీటి నడకను కట్టివేసినవి. 1999లో ఐదడుగుల గీత లోపలి భాగమును వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటించినారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలల రామ్సార్ పట్టికలో కొల్లేరు చేరినది. 2006లో ప్రభుత్వము పెక్కు గట్లను పగులగొట్టించినది. ఆ పని వలన బ్రతుకుతెరువు పోయినదని వాపోయిన కుటుంబములును ఉన్నవి. గట్లు మరల లేచిన చోట్లును ఉన్నవి. ఆ తగవు పెద్దది, ఈ వ్యాసమున తీరునది కాదు. కాని నీటిదారిలో పోసిన మట్టిదిబ్బ ఎంత చిన్నదైనను గట్టే. కొల్లేటి సౌందర్యమును చూపుటకై కట్టిన మంటపము కొల్లేటిని చెరచిన పద్ధతినే అనుసరించినచో అంతకన్న వెక్కిరింత ఉండబోదు. లంక గ్రామములవారు దిబ్బలపై ఇండ్లు కట్టుకొనలేదా యని ఎవరైన అడుగవచ్చును. వారచ్చట తరతరములుగా బ్రతుకువారు. మనము గంటసేపు కూర్చుండి పోవువారము.

పక్షుల సంగతియును ఇటువంటిదే. 1946లో కేరళకు చెందిన పక్షిశాస్త్రవేత్త కె. కె. నీలకంఠన్ ఈ సీమలో గూడబాతుల సంతానస్థలము నొకదానిని కనుగొన్నారు. అప్పుడు అచ్చట సుమారు మూడువేల పక్షులు గూళ్లు కట్టియుండెను. 1975 ప్రాంతమునకు ఆ స్థలము శూన్యమైనది. నేడు కైకలూరు దగ్గర ఆటపాకలో అటవీశాఖవారు నీటిలో ఇనుప మంచెలను నిలిపినారు; గూడబాతులు వానిపైనను గూళ్లు పెట్టి పిల్లలను లేపుచున్నవి. పక్షి ఒకసారి లేచిపోయిన చోటికి మరల వచ్చునను హామీ ఎవ్వరును ఈయలేరు. కావున మంటపమునకు చోటు గూళ్ల దరిని గాక ఎడముగా, అభయారణ్యపు గీతకు వెలుపల ఉండవలెను.

ఇక కట్టడమునకు వత్తము. ఐదడుగుల గీత అంచున నిలిపిన మంటపమునకు పెద్దవరదలో ఐదడుగుల నీరు వచ్చునని లెక్కించి, అలలకు, నీటిలో కొట్టుకొనివచ్చు తూటికాడ, గుర్రపుడెక్కల గుంపులకు మరి రెండడుగులు కలిపినచో నేలకు ఏడడుగుల ఎత్తున అరుగు ఉండవలెను. అంత ఎత్తునకు మెట్లు కట్టుట సులభమే. కాని ముసలివారు, కాలు సరిలేనివారు, చంకబిడ్డతో వచ్చు తల్లులు ఎట్లెక్కుదురు? అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవు చొప్పున వాలుబాట వేయవలెనని వాడుక. ఏడడుగులకు 84 అడుగులు! నడుమ ఆగుటకు చదునుచోట్లు చేర్చినచో నూరడుగులకు పోవును. మొదట ఇది భారముగా తోచును. మా దృష్టిలో ఈ నమూనాకు ప్రాణము ఇదియే. ఆ నూరడుగుల బాటను తిన్నగా వేయక, జమ్ము, కిక్కిస పొదల నడుమ కొంచెము వంపు తిప్పి నడిపినచో వచ్చువారు నేలనుండి మెల్లగా లేచి, గడ్డి తలలతో సమానమై, తుదకు నీరు కనబడు ఎత్తునకు చేరుదురు. బండి దిగినప్పటి కోలాహలము ఆ నడకలోనే సద్దుమణుగును. పొదల మరుగున నడచుటచే పక్షులు బెదరవు.

పునాది విషయమున ఈ సీమ నల్లమట్టి పెంకిది. వానకు ఉబ్బును, ఎండకు కుదించుకొని నెఱ్ఱెలిచ్చును. దానిపై వెడల్పు పునాది వేసిన ఇండ్ల గోడలు ఏలుచున్న రాజు మారినట్లు ఏటేట మారుచుండును. ఒక ఏడు మూసికొన్న పగులు మరుయేడు తెరచుకొనును. ఇందుకు రూర్కీలోని కేంద్ర గృహనిర్మాణ పరిశోధన సంస్థవారు ప్రచారమునకు తెచ్చిన పద్ధతి యొకటున్నది. మట్టి తేమ మారని లోతువరకు, అనగా సుమారు మూడున్నర మీటర్లు, సన్నని గుంత తొలిచి, దాని అడుగును కుండవలె వెడల్పు చేసి, ఇనుపచువ్వలు దించి కాంక్రీటు పోయుదురు. ఇంజనీరులు దీనిని అండర్ రీమ్డ్ పైలు అందురు. పైమట్టి ఉబ్బి లాగినను అడుగున ఉన్న కుండ భాగము కదలనీయదు. సరస్సు అంచున మట్టి మరింత మెత్తగా ఉండవచ్చును గనుక పరీక్ష చేయించి లోతు నిర్ణయింపవలెను. వేసవిలో ఉప్పుటేటి గుండ సముద్రపు ఉప్పు పైకెక్కుచుండును. చువ్వలను కప్పు కాంక్రీటు పలుచనైనచో త్రుప్పు త్వరగా పట్టును. ఈ స్తంభములు నీటిమట్టము దాటువరకే కాంక్రీటు. ఆపైన ముదురు తాటిదూలములు చాలును. తాటిమ్రాను బలమంతయు వెలుపలి పొరలలో ఉండును. లోని మెత్తని భాగమును తొలగించి వాడుట మన వడ్రంగులెరిగినదే.

కప్పు విషయమున తీరాంధ్రపు చుట్టిల్లు కన్న మంచి గురువు లేడు. గుండ్రని గోడ, నిట్రమైన కప్పు, మనిషి నడుమంత ఎత్తునకు దిగిన తాటాకు చూరు. తుఫాను గాలి ఒక దిక్కున మొదలై, నడిమి కన్ను దాటిన పిదప ఎదురుదిక్కునుండి వీచును. ఏ వైపునుండి వచ్చినను చుట్టింటికి పట్టు దొరకు మూల యుండదు. ఈ ఆకృతి ఎంత ప్రాచీనమో చూడగోరువారు ఏలూరికి ఉత్తరమున కామవరపుకోట దరినున్న గుంటుపల్లికి పోవలెను. అచ్చటి కొండలో క్రీస్తు పూర్వపు శతాబ్దులలో తొలిచిన గుండ్రని బౌద్ధచైత్యమున, స్తూపముపై కప్పులో, కొయ్యవాసములను పోలిన రాతి వాసములున్నవి. రాతికి వాసములతో పనిలేదు. నాటి శిల్పి తానెరిగిన పూరిగుడిసెను రాతిలో వ్రాసి పెట్టినాడు.

అయితే మంటపమునకు చుట్టింటికి లేని చిక్కు ఒకటి కలదు. గోడలు లేని కప్పు క్రిందికి గాలి చొచ్చి దానిని గొడుగువలె ఎగురవేయజూచును. బరువును మోయుట కన్న ఎగిరిపోకుండ పట్టియుంచుట ఇచ్చట పెద్దపని. వాసమును దూలమునకు, దూలమును స్తంభమునకు, స్తంభమును పునాదికి ఇనుపపట్టెలతో గొలుసువలె బిగింపవలెను. ఆ గొలుసు చివరి కొక్కెము భూమిలోని కుండయే. మట్టి ఉబ్బునకు పెట్టిన ఉపాయము గాలికిని అక్కరకు వచ్చినది. ఆస్ట్రేలియా ఉత్తరతీరమున, తుఫానుల చోటనే, గ్లెన్ మర్కట్ అను వాస్తుశిల్పి 1994లో ముగించిన మారికా ఆల్డర్టన్ గృహము నేలకు ఎత్తుగా లేచి, అద్దములకు మారు తెరచి మూయు పలకలతో, గాలి ఒత్తిడిని వెలికిపంపు గొట్టములు కప్పుపై కలిగి యున్నది. దూరదేశపు వారు చేసినారని దానిని అనుకరింపనక్కరలేదు. ఒకే గాలిని ఎదుర్కొనువారి ఆలోచనలు ఎట్లు కలియునో చూచుటకు అది మంచి ఉదాహరణము.

కావున మా మంటపము పొడవు 30 అడుగులు, వెడల్పు 14, రెండు కొనలు గుండ్రముగా తిరిగినది. పొడుగువైపు ఉత్తరముగా నీటిని చూచుచుండును. ఉత్తరమే ఏల యని అడుగుదురు. పక్షులు నిండుగానుండు డిసెంబరులో మధ్యాహ్నపు సూర్యుడు మనకు దక్షిణాకాశమున సుమారు 50 డిగ్రీల ఎత్తున నుండును. దక్షిణపు ఒడ్డున కూర్చుండి ఉత్తరమునకు చూచువారికి ఎండ వీపు వెనుక. పక్షుల రెక్కలపై వెలుగు సూటిగా పడును. ఎదుటి ఒడ్డున కట్టినచో నీటి మెరపు కన్నులలో పొడిచి, పక్షులన్నియు నల్లని నీడలుగా కనబడును. దక్షిణమున, పడమట కిక్కిస తడికలు నిండుగా కట్టవలెను. లేనిచో ఎత్తుననున్న మనుష్యుల ఆకారములు ఆకాశముపై తేటగా తెలిసి పక్షులు లేచిపోవును. ఉత్తరపు తడికలో రెండు వరుసల సందులు చాలును: కూర్చున్నవారికి, పిల్లలకు నాలుగడుగుల ఎత్తున ఒకటి, నిలుచున్నవారికి పైన మరొకటి.

ఈ నమూనానే తాడేపల్లిగూడెము మెట్టకు, వెంకటరామన్నగూడెములో 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయపు తోటల వంటి చోటికి, తీసికొనిపోయినచో హాస్యాస్పదమగును. అచ్చట ఎఱ్ఱనేల, వరద రాదు. ఏడడుగుల కాళ్లెందుకు? అరుగు నేలపైనే ఉండి, చెట్టునీడను కలుపుకొని పడమటెండను తప్పించుకొన్న చాలును. నలువది కిలోమీటర్ల లోపలనే కట్టడము మొదటినుండి మారిపోవుచున్నది.

తాటాకు కప్పు రెండుమూడేండ్లకు మరల నేయవలెను. దీనిని దోషమని ఇంజనీరులు కొందరు రేకులు సూచింతురు. రేకు ఎండకు కాగును, వానకు మ్రోగును; ఊడినచో కత్తివలె ఎగురును. తాటాకు కప్పు ఎగిరినను ప్రాణమునకు అపాయము తక్కువ, ఊరిలోనివారే వారములో నేయగలరు. నిప్పుభయము నిజమే, కనుక అచ్చట పొయ్యి, చుట్ట, రెండును నిషేధింపవలెను. నేతకూలి ఎవరీయవలెనో కట్టడము మొదలిడక మునుపే వ్రాతమూలముగా నిర్ణయించి, ఆ పనిని లంక గ్రామములవారికే అప్పగింపవలెను. వానకాలము రాకమునుపు తడికలను విప్పి ఊరిలో దాచి, నీరు తీసిన తరువాత కార్తికమున మరల కట్టుదురు. అప్పటివరకు నిలిచియుండునవి కాళ్లు, అరుగు, కప్పు మాత్రమే. వాని క్రిందుగా వరదనీరు అడ్డులేక పోవుచుండును.